రాజ్యముల వ్యాజ్యములు

పొలము గట్టును గూర్చి ఇరువురు రైతులు కలహించినచో వారికి కోర్టు కలదు. వాది దావా వేయును. ప్రతివాదికి సమను పోవును. ప్రతివాది రాకున్న ఎక్స్‌పార్టీ డిక్రీ యగును. డిక్రీ ప్రకారము నడువనివాని యాస్తిని జప్తు చేయుటకు అమీను వచ్చును. అమీనుకు తోడుగా పోలీసువారు వత్తురు. ఈ వరుసలో ఏ యొక్కటి లేకున్నను మన వ్యాజ్యములు ఎన్నటికిని తెగవు. మఱి గట్టు రెండు పొలములకు గాక రెండు రాజ్యములకు నడుమ నున్నచో నేమి గతి? అచ్చట సమను పంపువారెవరు? పంపినను వచ్చువారెవరు? డిక్రీ పుట్టినను దానిని జారీ చేయు అమీను ఏడి? హేగు నగరమందలి న్యాయస్థానమును గూర్చిన వార్త పత్రికలలో వచ్చినప్పుడెల్ల పఠనమందిరములలో ఈ ప్రశ్న వినబడుచునే యున్నది. బలవంతునిదే రాజ్యమైనప్పుడు ఈ కోర్టులెందుకని కొందఱు తేల్చివేయుచున్నారు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని సగము నిజమును పూర్తి నిజముగా నమ్మిన జాతి తన చేతిలోని యాయుధమును తానే పాఱవేసికొన్నదగును. కావున ఈ విషయమును కొంత విపులముగా విచారింపదలచితిమి.

భారతకథలోని రాయబార ఘట్టము నెఱుగని తెలుగువాడు లేడు. ఐదూళ్లతోనైనను సంధి కుదుర్పవలెనని శ్రీకృష్ణుడు కౌరవసభకు పోయెను. ఆ సభలో ధర్మము తెలిసినవారు లేకపోలేదు. భీష్ముడు చెప్పెను, ద్రోణుడు చెప్పెను, విదురుడు చెప్పెను. అయినను సంధి పొసగలేదు. ఏలన, పెద్దలు చెప్పినదానికి లోబడుదునని సుయోధనుడు ముందుగా మాట యిచ్చియుండలేదు. రాజ్యముల నడుమ న్యాయవిచారణ యనునది ఈ లోటును పూడ్చుటకై జరిగిన ప్రయత్నమే. ఫలానివారు చెప్పినదానికి కట్టుబడుదుమని ఉభయ పక్షములవారును తగవునకు ముందో, తగవు పుట్టిన పిమ్మటనో వ్రాసియిత్తురు. ఆ వ్రాతయే ఈ కోర్టులకు పునాది. పునాది యెంత గట్టిదో కట్టడము నంత గట్టిది.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన కాలమున ఇంగ్లండులో కట్టబడిన అలబామా యను నౌక దక్షిణ రాష్ట్రములవారి చేతబడి ఉత్తర రాష్ట్రముల వర్తక నౌకలను నాశనము చేసినది. తటస్థులమని చెప్పుకొనుచు అట్టి నౌకను ఏల పోనిచ్చితిరని అమెరికా నిలదీసినది. తగవు ఏండ్ల తరబడి ముదిరిన పిమ్మట ఉభయులును దానిని ఐదుగురు మధ్యవర్తులకు అప్పగించిరి. 1872లో జెనీవాలో వెలువడిన తీర్పు ప్రకారము, నాడు సముద్రముల నేలుచున్న బ్రిటను 1 కోటి 55 లక్షల డాలర్లు చెల్లించినది. మన నెత్తిన కూర్చుండి మనకు న్యాయము నేర్పుచుండిన ఆ ప్రభుత్వమే, సాటివాడు నిలదీసినప్పుడు మధ్యవర్తుల మాటకు తలయొగ్గెను. అటుపిమ్మట 1899లో హేగులో జరిగిన శాంతి మహాసభ శాశ్వత మధ్యవర్తి న్యాయస్థానమును నెలకొల్పెను. అమెరికా ధనికుడు కార్నెగీ యిచ్చిన ద్రవ్యముతో కట్టిన శాంతిసౌధము 1913లో తెఱవబడెను. మఱుసటి యేటనే ప్రపంచయుద్ధము వచ్చిపడుట ఆ సౌధమునకు గలిగిన మొదటి యవమానము. 1922లో నానాజాతి సమితి నీడను ఒక న్యాయస్థానము పనిచేయ నారంభించెను. రెండవ యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో దాని స్థానమున, ఐక్యరాజ్యసమితి యంగముగా, నేటి అంతర్జాతీయ న్యాయస్థానము కూర్చున్నది.

ఈ న్యాయస్థానమున 15 మంది న్యాయాధిపతులు. ఒక్కొక్కరి పదవీకాలము 9 ఏండ్లు. సమితి సర్వసభయు భద్రతామండలియు వేఱువేఱుగా వారి నెన్నుకొనును. ఒకే దేశమువారు ఇరువురుండరాదు. తన దేశపు న్యాయాధిపతి పీఠముపై లేని కక్షిదారు ఆ యొక్క వ్యాజ్యమునకు తన పక్షమున ఒకరిని నియమించుకొనవచ్చును. అచ్చట కక్షిదారులు రాజ్యములే గాని వ్యక్తులు కారు. రాజ్యము ఆ గడప నెక్కుటకు ద్వారములు ప్రధానముగా మూడు. తగవు పుట్టిన పిమ్మట ఇరువురును ప్రత్యేక ఒప్పందము చేసికొని పోవుట మొదటిది. ఏదైన ఒడంబడికలో, దీనిని గూర్చి తగవు వచ్చిన హేగునకు పోవుదుమని ముందే వ్రాసికొనియుండుట రెండవది. ఎవరు పిలిచినను వత్తుమని ప్రకటన పత్రమును సమర్పించుట మూడవది. సమితిలోని 193 సభ్యరాజ్యములలో ఇట్టి ప్రకటన చేసినవి 70కి కొంచెము పైబడియున్నవి; అందును పెక్కు ప్రకటనలకు మినహాయింపులు తోకలవలె వ్రేలాడుచున్నవి. భద్రతామండలిలో శాశ్వత స్థానములు గల ఐదు రాజ్యములలో నేడు బ్రిటను ఒక్కటియే ఈ ప్రకటన నుంచుకొన్నది. లోకమునకు పెద్దలమనువారి మర్యాద ఇట్లున్నది.

ఇక మధ్యవర్తి మండలులు. వీనిలో కక్షిదారులే తమ మధ్యవర్తులను నియమింతురు, ప్రశ్నను తామే వ్రాయుదురు, ఖర్చు తామే భరింతురు. మన గ్రామములలో ఉభయులును తలకొకరిని పెట్టుకొని, పైన పెద్దమనిషి నొకని కూర్చుండబెట్టి తగవు తీర్చుకొనుట వంటిదే యిది. సముద్ర విషయములకు హాంబర్గులో 1996 నుండి వేఱొక న్యాయస్థానము కలదు.

ఇప్పుడు అమీను ప్రశ్నకు వత్తము. తాను కక్షిదారుగా నున్న వ్యాజ్యములో తీర్పును పాటింతునని ప్రతి సభ్యరాజ్యమును సమితి నిబంధనావళి 94వ అధికరణము క్రింద మాట యిచ్చియున్నది. ఒకరు తప్పినచో రెండవవారు భద్రతామండలికి మొఱ పెట్టుకొనవచ్చును. కాని తప్పినవాడే మండలిలో వీటో గలవాడైనచో? నికరాగువా కథయే ఇందులకు నిదర్శనము. మధ్య అమెరికాలోని ఆ చిన్న దేశము, తన రేవులలో మందుపాతరలు పాతించుచు తన ప్రభుత్వముపై తిరుగుబాటుదారులకు ఆయుధము లిచ్చుచున్నదని అమెరికా సంయుక్త రాష్ట్రములపై 1984 ఏప్రిల్ 9న హేగులో దావా వేసినది. అధికార పరిధి లేదని అమెరికా వాదించి ఓడినది. ఓడినంతనే 1985 జనవరిలో విచారణ నుండి లేచిపోయినది. ఆ యేడే తన ప్రకటనను గూడ రద్దుచేసికొన్నది. ప్రతివాది లేచిపోయినంత మాత్రమున విచారణ ఆగదు. 1986 జూన్ 27న తీర్పు వెలువడెను: అమెరికా అంతర్జాతీయ ధర్మమును ఉల్లంఘించినది, నష్టపరిహార మీయవలెను. నాడు పీఠాధ్యక్షుడు మన దేశీయుడైన నాగేంద్రసింగు. భద్రతామండలికి నికరాగువా మొఱ పెట్టుకొనగా అమెరికా వీటో ప్రయోగించెను. ఒక్క డాలరైనను చేతికి రాలేదు. ప్రభుత్వము మాఱిన పిమ్మట 1991లో నికరాగువాయే ఆ వ్యాజ్యమును ఉపసంహరించుకొన్నది.

చూచితిరా, బలవంతునిదే రాజ్యమని మేము చెప్పలేదా యని నిరాశావాదులు చప్పట్లు చఱతురు. వారు మఱికొన్ని యుదాహరణములను గూడ చూపగలరు. 2016 జులై 12న దక్షిణ చీనా సముద్రమును గూర్చి ఫిలిప్పీనులకు అనుకూలముగా వచ్చిన మధ్యవర్తుల తీర్పును చీనా తోసివేసినది. యుక్రెయినులో సైనిక చర్యల నాపుమని 2022 మార్చి 16న న్యాయస్థానము చేసిన యుత్తరువును రష్యా లెక్కసేయలేదు. ఇవి యన్నియు నిజమే. అయినను ఎక్స్‌పార్టీ డిక్రీలనే లెక్కపెట్టి కోర్టులు పనికిరావనువాడు, ఉభయులును వచ్చి తెంచుకొనిపోయిన వ్యాజ్యములను లెక్కింప మఱచుచున్నాడు. ఔజూ యను ఎడారి పట్టీ కొఱకు లిబియాయు చాడును ఏండ్ల తరబడి యుద్ధము చేసినవి. తుదకు హేగునకు పోగా 1994 ఫిబ్రవరి 3న ఆ భూమి చాడుదని తీర్పు వచ్చినది. నాలుగు నెలలు తిరుగకమునుపే లిబియా సైన్యము వెడలిపోయెను. బకాసీ ద్వీపకల్పము కామెరూనుదని 2002లో తీర్పు రాగా, కామెరూనుకంటె ఎన్నో రెట్లు జనబలము గల నైజీరియా మొదట గింజుకొన్నను, 2006లో ఒప్పందము చేసికొని, 2008 ఆగస్టు నాటికి దానిని పూర్తిగా అప్పగించినది. వీనికి పత్రికలలో పెద్ద అక్షరములు దక్కవు. తెగిన తగవు వార్త కాదు. రక్తము కారినదే వార్త.

న్యాయస్థానము సైతము దోషరహితమని మేము చెప్పబోము. నైరృతి ఆఫ్రికాలో దక్షిణాఫ్రికా సాగించుచున్న వర్ణదౌష్ట్యముపై ఇథియోపియాయు లైబీరియాయు 1960లో దావా వేసినవి. ఆఱేండ్లు విచారించి, 1966 జులై 18న, చెఱి ఏడు వోట్లు రాగా అధ్యక్షుని అదనపు వోటుతో, ఆ రెండు రాజ్యములకును దావా వేయు హక్కే లేదని పీఠము తేల్చెను. ఆ దినమున ఆఫ్రికా ఆసియా జాతుల దృష్టిలో శాంతిసౌధము తెల్లవారి సౌధముగా నిలిచెను. ఆ మచ్చను పోగొట్టుకొనుటకు దానికి చాల కాలము పట్టినది. 1971లో దక్షిణాఫ్రికా అచ్చట నుండుటయే అక్రమమని అదే న్యాయస్థానము సలహాభిప్రాయ మిచ్చినది. మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్న మారిషసు కథ యింకను హృద్యమైనది. ఆ దేశమునకు స్వాతంత్ర్య మీయబోవుచు బ్రిటను 1965లో చాగోసు దీవులను కోసి తనకడ నుంచుకొని, అచ్చటి ప్రజలను తరలించి, దియెగో గార్సియాను అమెరికా సైనిక స్థావరమున కిచ్చెను. 2019 ఫిబ్రవరి 25న 13 మంది న్యాయాధిపతులు ఒకరు మాత్రము విభేదింపగా అది అక్రమమని చెప్పిరి. అది డిక్రీయైనను కాదు, సలహా మాత్రమే. అయినను ఆఱేండ్లకు, 2025 మే 22న, ఆ దీవులపై సార్వభౌమాధికారము మారిషసుదని యొప్పుకొనుచు బ్రిటను ఒడంబడికపై సంతకము చేసినది. సంతకము స్వాధీనము కాదు. కాని ఓడలు, తుపాకులు లేని చిన్న ద్వీపము ఒక పాత సామ్రాజ్యము చేత ఆ సంతకము పెట్టించుటకు దాని చేతిలో నున్నది ఒక్క తీర్పు కాగితమే.

ఇక మన సంగతి. 1954 జులై, ఆగస్టు మాసములలో స్వచ్ఛంద సేవకులు దాద్రా నగరుహవేలీలను పోర్చుగీసువారి చెఱ నుండి విడిపించిరి. ఆ తాలూకాలు నలువైపుల మన భూమి చేతనే చుట్టబడియున్నవి. పోర్చుగలు తన సైన్యమును అచ్చటికి పంపుటకు మన భూమిమీదుగా దారి హక్కు గలదని 1955 డిసెంబరు 22న హేగులో దావా వేసినది. సమితిలో చేరి పది దినములైనను కాలేదు. మన పక్షమున సెతల్వాడు వాదించెను. మన పక్షపు న్యాయాధిపతిగా చాగ్లా కూర్చుండెను. మరాఠాలు 18వ శతాబ్దిలో పోర్చుగీసువారి కిచ్చినది సర్వాధికారమా, లేక పన్ను వసూలు చేసికొను జాగీరు వంటి హక్కు మాత్రమేనా యను చర్చ జరిగినది. ఇచ్చినది వసూలు హక్కు మాత్రమేయని న్యాయస్థానము కనుగొన్నది. తుదకు 1960 ఏప్రిల్ 12న తీర్పు వచ్చెను. సాధారణ జనులకు, సివిలు ఉద్యోగులకు, సరకులకు దారి హక్కు ఉండెనని 11 వోట్లతో. సైన్యమునకు, సాయుధ పోలీసులకు, ఆయుధములకు లేదని ఒకే వోటు తేడాతో. భారతదేశము తన విధిని తప్పలేదని 9 వోట్లతో. వలస ప్రభుత్వము మనలను బోనెక్కించెను, మనము లేచిపోలేదు, వాదించి గెలిచితిమి. సత్యాగ్రహుల త్యాగము భూమిని విడిపింపగా న్యాయవాదుల వాదము ఆ విముక్తిపై మచ్చ పడకుండ కాపాడినది.

గెలుపును స్వీకరించుట సులభము. ఓటమి నెట్లు స్వీకరించితిమో చూడుడు. 1965 ఏప్రిలులో కచ్ఛు రణమున పాకిస్తానుతో పోరాటము జరిగినది. జూన్ 30న పోరు విరమించి, ముగ్గురు మధ్యవర్తుల తీర్పునకు లోబడుదుమని ఉభయులును వ్రాసికొనిరి. పాకిస్తాను కోరినది సుమారు 3,500 చదరపు మైళ్లు. 1968 ఫిబ్రవరి 19న మండలి దానికి పదియవ వంతును, అనగా దాదాపు 350 చదరపు మైళ్లను, ఇచ్చినది. మనము నియమించిన యుగోస్లావియా న్యాయవేత్త బెబ్లరు పూర్తిగా మన పక్షమే చెప్పెను, కాని తక్కిన యిరువురిది వేఱు మాట. దేశమున అలజడి పుట్టెను. కచ్ఛులో సత్యాగ్రహములు జరిగెను. తీర్పు నమలుచేయరాదని కొందఱు సుప్రీంకోర్టునకు పోయిరి. ఇది భూమిని పరుల కిచ్చుట కాదు, సందిగ్ధమైన సరిహద్దును తేల్చుకొనుట యని 1969లో ఆ కోర్టు చెప్పెను. గట్టురాళ్లు నాటబడినవి. అదే విధముగ వంగసముద్రమున బంగ్లాదేశుతో వచ్చిన తగవులో 2014 జులై 7న మండలి, తగవులోని 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 చదరపు కిలోమీటర్లను వారి కిచ్చినది. మండలిలోని మన పెమ్మరాజు శ్రీనివాసరావు తన భిన్నాభిప్రాయమును వ్రాసిరి. పెద్ద దేశము చిన్న దేశము చేతిలో ఓడినది. ఢిల్లీ ఆ తీర్పును ఒప్పుకొన్నది. మన యోడలు నేడు ఆ గీత నెఱిగి తిరుగుచున్నవి. అందువలన మనము చిన్నవారమైతిమా? మా యభిప్రాయమున 1960 గెలుపుకంటె 1968, 2014 ఓటములే భారతదేశ ప్రతిష్ఠను ఎక్కువ పెంచినవి.

ఆ ప్రతిష్ఠయే మనకు అక్కఱకు వచ్చినది. 2017లో కులభూషణ జాధవునకు పాకిస్తాను సైనిక న్యాయస్థానము ఉరిశిక్ష విధింపగా మనమే మే 8న హేగు తలుపు తట్టితిమి. పది దినములలో, మే 18న, శిక్ష నాపుమని ఉత్తరువు వచ్చెను. 2019 జులై 17న 16 మందిలో 15 మంది మన పక్షము పలికిరి: మన రాయబార ఉద్యోగుల నాతనితో మాటాడనీయకపోవుట ఒడంబడికకు విరుద్ధము, శిక్షను పునర్విచారింపవలెను. ఆతడు విడుదల కాలేదు. ఆ తీర్పు ఆతని విడుదల చేయుమనలేదు. కాని ఉరి ఆగినది.

ఇంత చెప్పిన పిమ్మట మన ప్రభుత్వమును ఒక ప్రశ్న యడుగక తప్పదు. మనము హేగున కిచ్చిన ప్రకటనలో, కామన్‌వెల్తు సభ్యరాజ్యములతో గాని ఒకప్పుడు సభ్యములై యుండిన రాజ్యములతో గాని వచ్చు తగవులకు ఆ కోర్టు పనికిరాదను మినహాయింపు కలదు. దీని పుట్టుక యెచ్చట? 1929లో బ్రిటిషు ప్రభుత్వము భారతదేశము పేర చేయించిన ప్రకటనలో. సామ్రాజ్యములోని తగవులు ఇంటి తగవులు, బయటి కోర్టుల కెక్కరాదని నాటి దొరల సిద్ధాంతము. దొరలు పోయిరి, 1974లో మనము ఆ మినహాయింపును నిలుపుకొంటిమి, 2019లో మఱల వ్రాసికొంటిమి. 1999లో తన విమానమును మన వైమానికులు కూల్చిరని పాకిస్తాను వేసిన దావాను 2000 జూన్ 21న ఈ మినహాయింపు వలననే న్యాయస్థానము విచారింపక త్రోసివేసినది. న్యాయవాది దృష్టిలో అది గెలుపే. కాని వాదములోని సత్యమును చెప్పి గెలుచుటకును, తలుపు మూసి గెలుచుటకును భేదము లేదా?

సింధునదీ జలముల సంగతియు ఇట్టిదే. 1960 ఒడంబడిక ప్రకారము కూర్చున్న మధ్యవర్తి మండలి 2013లో కిషన్‌గంగ నీటిని మరల్చుకొను హక్కు మనకు గలదని చెప్పి, సెకనుకు 9 ఘనమీటర్ల నీరైనను క్రిందికి విడువవలెనని విధించినది. నాడు మనము వాదించితిమి, చాలవఱకు గెలిచితిమి. పిమ్మట కూర్చున్న మఱియొక మండలి యేర్పాటే ఒడంబడికకు విరుద్ధమని మన ప్రభుత్వము దాని యెదుటికి పోలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గాములో నిరపరాధులు హతులైరి. మఱునాడే ఒడంబడికను నిలిపివేసితిమని ఢిల్లీ ప్రకటించెను. ఆ జూన్, ఆగస్టు మాసములలో మండలి చేసిన నిర్ణయములను త్రోసిపుచ్చెను. ఉగ్రవాదమును పెంచువాడు నీటి హక్కును గూర్చి ధర్మము పలుకుట సహింపరానిదే. ఆ యాగ్రహము మాకును కలదు. కాని మండలికి అధికారము లేదనుట మన వాదమైనచో, ఆ వాదమును మండలి యెదుటనే నిలిచి చెప్పరాదా? ఆక్షేపణతో హాజరగుట లొంగుబాటు కాదని ప్రతి వకీలునకును తెలియును. ఖాళీ కుర్చీ ఎంత బలమైన వాదమునైనను చెప్పలేదు. నికరాగువా వ్యాజ్యములో అమెరికా లేచిపోయి గెలిచినదేమి? డబ్బు మిగిలినది, మర్యాద మిగులలేదు.

శత్రువు ధర్మము తప్పినప్పుడు మనమొక్కరమే ధర్మమును పట్టుకొని వ్రేలాడవలెనా యని అడుగువారు కలరు. మేము ఆయుధములను దింపుమనలేదు, నేరస్థుని క్షమింపుమనలేదు. అమీను లేని కోర్టున జారీ యయ్యెడి డిక్రీ ఒక్కటియే: కక్షిదారు మాట. 1968లో ఓడి మాట నిలుపుకొన్నందుననే 2017లో మన మొఱ విలువ గలదయ్యెను. నచ్చిన తీర్పునకు తోరణములు కట్టి, నచ్చని తీర్పును చింపివేయుదమన్నచో, రేపు చీనా గాని మఱియొకరు గాని మన సరిహద్దున ఆ పనియే చేసినప్పుడు మనము పలుకు మాటకు లోకము చెవి యొగ్గదు. కావున పాలకులు ఆ 1929 నాటి మినహాయింపును మఱల విమర్శింపవలెను. పిలుపు వచ్చినచోట హాజరై వాదింపవలెను. ఓడినచోట కచ్ఛు రణమును జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ప్రజలు తీర్పుల సారాంశములనైన చదివి, చదివినది పదిమందికి చెప్పవలెను. అప్పుడే పాలకులు ఓటమిని ఒప్పుకొనుటకు భయపడరు. మన రాజముద్రపై సత్యము జయించునని చెక్కించుకొంటిమి. సత్యము మన పక్షమున నున్నప్పుడే జయించునని అచ్చట వ్రాయలేదు.